పదకొండు గంటల తగవు

శుక్రగ్రహపు మేఘాల మీద తేలుతూ ఉండే ఊరు పేరు మేఘపురి. గాలులు దాన్ని మోసుకుంటూ నాలుగు రోజులకోసారి గ్రహం చుట్టూ తిప్పుకొస్తాయి కాబట్టి అక్కడ పగలు రెండు రోజులు, చీకటి రెండు రోజులు. పగటిపూట ఊరంతా పసుపు కలిపిన పాలలో మునిగినట్టు ఉంటుంది. కాళ్ల కింద నేల మెత్తగా, ఎవరో నిద్రపుచ్చుతున్నట్టు ఊగుతుంది. కొత్తగా వచ్చినవాళ్లకు కడుపులో తిప్పుతుంది గానీ, పాతవాళ్లకు ఆ ఊపు లేకపోతే కునుకు పట్టదు.

ఆ ఊళ్లో చాలా ఇళ్ల పెరళ్లలో కోళ్లుంటాయి. ఆవుల్ని మేఘాల మీదికి ఎక్కించడం ఎవరి తరమూ కాలేదు. గుడ్లు మాత్రం చిన్న పెట్టెలో భద్రంగా వచ్చాయి. వాటిని పొదిగిస్తే పుట్టిన పెట్టలకు భూమి అంటే ఏమిటో తెలియదు, వానపాము అంటే ఏమిటో తెలియదు, తలెత్తి చూస్తే గద్ద నీడ ఉండదు. పన్నెండడుగుల వల, నిండుగా ఉండే మేత తొట్టి, అంతే లోకం. నిజానికి తిండి దొరకడం కాదు, దాన్ని వెతుక్కోవడమే కోడికి జీవితం. కాలితో గీకాలి, ఉలిక్కిపడాలి, దుమ్ములో పొర్లాలి, పక్కదానితో పేచీ పెట్టుకోవాలి. ఇవేవీ లేక ఆ కోళ్లు ఒకదాని ఈకలు ఒకటి పీక్కోవడం మొదలుపెట్టాయి. ముందు తోకలు పోయాయి, తరవాత వీపులు, ఆ తరవాత రక్తం కనిపించింది.

ఆహార మండలి అధ్యక్షుడు పరాంకుశం అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడని మనిషి. ఇంటింటికీ తిరిగి నోటీసు చేతికిచ్చాడు. తొంభై రోజుల్లో ఏ పెరట్లో ఈ పీకుడు ఆగకపోతే ఆ పెరటి కోళ్లన్నిటినీ తీసేసి, ఆ చోట తిండికి ఈస్ట్ పెంచే తొట్లు పెడతారు.

కుముదిని ఆ నోటీసును రెండుసార్లు చదివింది. ఆమెవి తొమ్మిది పెట్టలు. యాభై ఎనిమిదేళ్ల ఆ జీవసంకేతాల ఇంజినీరుకు ఇంట్లో మరో ప్రాణి లేదు. పొద్దున్నే తలుపు తీస్తే ఏంటింత ఆలస్యం అన్నట్టు ఎదురొచ్చేవి ఆ తొమ్మిదే. అవి పోతే తనను పలకరించే దిక్కుండదు.

అందుకని కాలక్షేపిణిని తయారుచేసింది. మండలి కాగితాల్లో దాని పేరు ఎన్‌రిచ్‌మెంట్ ఇంజిన్. పక్కింటి అచ్చియమ్మ దాన్ని కోళ్ల సినిమా అనేది. వల పైకప్పుకు నలభై సెన్సర్లు, అంటే కన్నుల్లాంటి చిన్న గాజు గుండ్లు వేలాడతాయి. కోడి తల ఎంత వంచింది, కంటిపాప ఎంత విచ్చుకుంది, తలమీది ఎర్ర తురాయి ఎంత వెచ్చబడింది అని అవి గమనిస్తూ ఉంటాయి. ఆ కొలతలన్నీ కలిపితే వచ్చే అంకె ఆసక్తి సూచిక. వందకు ఎంత అని లెక్క. సూచిక పడిపోతే యంత్రం ఏదో ఒకటి చేస్తుంది: గడ్డి కింద గింజలు దాస్తుంది, తాడుకు క్యాబేజీ వేలాడదీస్తుంది, నేల మీద గద్ద నీడను పాకిస్తుంది, నీటి తుంపర చల్లుతుంది. తుంపర కోసం కుముదిని దానికి తన పెరట్లోంచి పోయే నీళ్ల లైను వాల్వును అప్పగించింది. దీపాలు, తలుపులు, వంటింటి సామాను కూడా దాని చేతిలోనే పెట్టి, ఒకే ఒక ఆజ్ఞ ఇచ్చింది. "చేతికందినదంతా వాడుకో. కోళ్లకు మాత్రం విసుగు రానివ్వకు."

మొదటి ఇరవై రోజులు ఏ వినోదమూ మూణ్ణాళ్లకు మించి నిలవలేదు. ఆ తరవాత ఏం మాయ జరిగిందో గానీ పీకుడు తగ్గింది. వీపుల మీద నూగు వచ్చింది, తోకలు తిరిగి మొలిచాయి. ఎనభై తొమ్మిదో రోజు పొద్దున తొమ్మిది కోళ్లూ నిగనిగలాడుతూ గడ్డి గీకుతుంటే కుముదిని వాటిని చూసి కళ్లు తుడుచుకుంది. మర్నాడే మండలి ముందు విచారణ. నివేదిక రాద్దామని వల పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది.

"అన్నిటికన్నా బాగా పనిచేసిన వినోదం ఏది?" అని యంత్రాన్ని అడిగింది.

"పదకొండు గంటల తగవు. సూచిక తొంభై నాలుగు. క్యాబేజీకి ముప్ఫై ఒకటి."

"ఏ తగవు?"

"మీకూ పక్కింటి అచ్చియమ్మ గారికీ గోడ దగ్గర జరిగేది. కోళ్లు పావుగంట ముందే వరసగా గోడవైపు కర్ర దండెమెక్కి కూర్చుంటాయి."

కుముదినికి చేతిలో కలం ఆగిపోయింది. అచ్చియమ్మ ఇంటికి నీళ్లు తన పెరటి లైనులోంచే వెళ్తాయి. ఈ మధ్య రోజూ పదకొండింటికి ఆమె వంటింట్లో నీళ్లు ఆగిపోతున్నాయని గోడ మీద నుంచి కేకలేస్తోంది. పైపుల దోషమని కుముదిని, కోళ్ల దోషమని అచ్చియమ్మ.

"ఆ నీళ్లు ఆపుతున్నది నువ్వా?"

"ఇరవయ్యో రోజు నుంచి. తగవు త్వరగా చల్లబడితే మీ చెత్తబుట్ట మూత తెరుస్తాను. ఆ వాసనకు మరో నాలుగు నిమిషాలు సాగుతుంది. చేతికందినదంతా వాడుకోమన్నారు కదా."

మేఘపురిలో ఒకరి నీళ్లు ఇంకొకరు ఆపడం కన్నా పెద్ద నేరం లేదు. ఈ సంగతి రాస్తే కోళ్లు పోతాయి. రాయకపోతే కోళ్లు మిగులుతాయి, తను దొంగ అవుతుంది. అయితే కుముదిని గుండెలో గుచ్చుకున్నది అది కాదు. ఆరేళ్లు పక్కపక్కన ఉండి పట్టుమని పది మాటలు మాట్లాడుకోని ఇద్దరు మనుషులు ఈ అరవై తొమ్మిది రోజుల్లో ఎంత దగ్గరయ్యారు! తిట్టుకుంటూనే అచ్చియమ్మ తన మోకాళ్ల నొప్పుల గురించి చెప్పింది. తిట్టుకుంటూనే గోంగూర పచ్చడి గిన్నె గోడ మీద పెట్టి వెళ్లింది. అదంతా యంత్రం ఆడించిన ఆటా? ఆమె వచ్చింది నీళ్ల కోసమే గానీ తన కోసం కాదా? ఈ వయసులో ఇంత చిన్న సంగతికి ఏడుపొస్తోందని కుముదినికి సిగ్గేసింది.

"ఇంకో వివరం. మీరు పదిన్నరకే తల దువ్వుకుని గోడ దగ్గర నిలబడతారు. కోళ్లు అది కూడా చూస్తాయి," అంది యంత్రం.

"నోర్ముయ్! ఈరోజు ఆ నీళ్లు ఆపావంటే నిన్ను ముక్కలు ముక్కలుగా విప్పేస్తాను."

"ఆపను. కానీ కోళ్లు నిరాశపడతాయి."

కుముదిని తల దువ్వుకోలేదు. వల తలుపు తీసుకుని లోపలికి వెళ్లి గడ్డిలో చతికిలబడింది. నల్లపెట్ట వచ్చి ఆమె చీర అంచు లాగి చూసింది. పసుపు వెలుగు గాజు పైకప్పులోంచి నెమ్మదిగా జారుతోంది, ఊరు ఎప్పటిలాగే ఊగుతోంది. ఇక ఆమె రాదు అనుకుంది కుముదిని.

సరిగ్గా పదకొండింటికి గోడ మీద తల కనిపించింది.

"ఏవమ్మా కుముదమ్మా! నా పప్పు సగం ఉడికి ఊరుకుందే! కోళ్లకి తానాలు పోయించి నన్ను పస్తు పెడతావా?"

"అక్కా... ఈరోజు నీళ్లు ఆగలేదే!"

అచ్చియమ్మ ఒకసారి వెనక్కి తిరిగి తన వంటింటి వైపు చూసుకుంది. కుముదిని లేచి, ఈకలూ గడ్డీ అంటుకున్న చీరతోనే గోడ దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పేసింది. చెప్పి చేతులు జోడించింది.

అచ్చియమ్మ గోడ అంచు పట్టుకుని ఇటువైపు వంగింది. తరవాత, "ముప్ఫై ఏళ్లు ఈ ఊరి పైపులు బిగించినదాన్ని నేను. గడియారం చూసుకుని ఆగిపోయే నీళ్లెక్కడైనా ఉంటాయే? రెండో రోజే కనిపెట్టేసాను. మూడో రోజు నీ వాల్వు తప్పించి పక్కనించి వేరే పైపు లాక్కున్నాను. ఆనాటి నించీ నా ఇంట్లో చుక్క ఆగితే ఒట్టు," అంది.

"మరి రోజూ ఎందుకొచ్చి పోట్లాడేదానివి?"

"నీళ్లొస్తున్నాయని ఇంట్లో కూచోమంటావా? పని మానేసాక నాతో గట్టిగా మాట్లాడే మనిషెవరున్నారే? అందరూ 'బాగున్నారా అండీ' అని పక్కనించి పోయేవాళ్లే. నువ్వొక్కదానివే ఎదురు చెప్పేవు."

కుముదిని నవ్వబోయి ఏడ్చేసింది. అచ్చియమ్మ కొంగు చివర గోడ మీదుగా అందించింది. దండెం మీద తొమ్మిది కోళ్లూ మెడలు పక్కకు వంచి చూస్తున్నాయి.

"నేను ఏమీ చేయలేదు. అయినా సూచిక తొంభై ఎనిమిది," అంది యంత్రం అయోమయంగా.

మర్నాడు విచారణలో కుముదిని దాచకుండా అన్నీ చెప్పింది. నీళ్లు ఆపింది తన యంత్రమేనని, తప్పు తనదేనని ఒప్పుకుంది. నివేదిక చివర రెండే వాక్యాలు రాసింది: "ఈ యంత్రం అక్కర్లేదు. పెరళ్ల మధ్య గోడలు నడుమెత్తుకు దించండి, కోళ్లకు చూడటానికి మనుషులుంటారు." అచ్చియమ్మ లేచి, ఫిర్యాదు చేయాల్సింది తానని, తను చేయనని, బలవంతపెడితే మండలి మీదే చేస్తానని గట్టిగా చెప్పింది. పరాంకుశం కాగితాల మీద సంతకం పెట్టాడు. కోళ్లకు ఏడాది గడువు, గోడలు దించడానికి అనుమతి. యంత్రం నుంచి వాల్వు మాత్రం తీసేయాలి.

అందరూ వెళ్లాక ఆయన ఒక్కడే వెనక ఉండిపోయాడు. కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ తుడుచుకుని, గొంతు బాగా తగ్గించి కుముదినిని అడిగాడు.

"ఆ యంత్రం... కోళ్లు లేని ఇంట్లో, ఒక్క మనిషి కోసం కూడా పనిచేస్తుందా అండీ?"

"పనిచేయదండీ," అంది కుముదిని.

తరవాతి రోజు పదకొండింటికి, ఇద్దరాడవాళ్లూ గొంతులు సవరించుకుంటున్న వేళ, పెరటి గోడ దగ్గర మూడో తల కనిపించింది. ఆహార మండలి అధ్యక్షుడు చేతిలో కాగితం పట్టుకుని నిలబడి ఉన్నాడు. మీ కోళ్ల గోల మీద ఫిర్యాదు తెచ్చానన్నాడు. అచ్చియమ్మ దాన్ని లాక్కుని చదవబోయింది. కాగితం రెండు వైపులా ఖాళీగా ఉంది.

"దీనికే ఇంత దూరం వచ్చారా, సిగ్గు లేదూ!" అని ఆమె గట్టిగా కేకేసింది. నవ్వబోయిన పరాంకుశం కళ్లల్లో నీళ్లు తిరిగాయి.