కోల్డ్ స్టోరేజీలో కదలని గీత

ఉదయం ఆరు. నరసరావుపేట శివార్లలో మిర్చి కోల్డ్ స్టోరేజ్. హమాలీ రాజారత్నం శవాన్ని కంప్రెసర్ గదిలోంచి వరండాలోకి లాగారు. గదుల్ని చల్లబరిచే అమ్మోనియా గ్యాస్ లీకై ఊపిరాడక చచ్చిపోయాడు.

వాల్వు కట్టేసినా కళ్లు మండుతూనే ఉన్నాయి. ఎస్సై సుప్రజకి ఒళ్లు అంతకంటే మండుతోంది. గ్యాస్ లీకైతే మోగాల్సిన సైరన్ మోగలేదు.

"ఈడే ఆపేశాడమ్మా! నిద్ర చెడుద్దని ఆపేశాడు. లోపలెయ్యండి!" ఓనరు వెంకటాద్రి, ఆపరేటర్ షఫీక్ కాలరు పట్టుకున్నాడు.

"నేను ముట్టుకోలేదు మేడం! నేనూ రత్నమూ ఒకే క్యారేజీలో తినేవాళ్లం. వాణ్ణి నేనెందుకు చంపుకుంటా?"

"నోర్ముయ్ రా!"

"కాలరు వదలండి," సుప్రజ కసిరింది. "కేసు నాది."

ఆఫీసులో కంప్యూటర్. తెర మీద గ్యాస్ నార్మల్. చలి నాలుగు డిగ్రీలు. వెంకటాద్రి అల్లుడు యోగేశ్ కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. అబ్బో, ఏం దర్జా!

"సిస్టం భేషుగ్గా ఉంది మేడం. షఫీకే సైరన్ స్విచ్ కట్టేశాడు."

సుప్రజ వెంకటాద్రి వైపు తిరిగింది. "మొన్న ఆయుధ పూజకి కంప్రెసర్ ఆపారా?"

"ఆపకుండా ఎట్టా? ఆ పూట మిషనుకి రెస్టియ్యాల. మా ఆచారం."

ఆ రోజు చలి గ్రాఫు తెరిచింది. గీత ఎక్కడా లేవలేదు.

"మిషను ఆగితే గది వేడెక్కాలి. ఇదేంది, నాలుగు దగ్గరే పడుకుంది? కంప్యూటర్ ఎవరు మార్చారు?"

"నేనే. పండగ ముందు." యోగేశ్ కాలు దించాడు.

"డ్రైవర్?"

"కొత్తది వేశా."

సెన్సార్ బాక్సుకి, కంప్యూటర్‌కి మాట కలిపేది ఆ డ్రైవర్ ప్రోగ్రామే. పాత సాఫ్ట్‌వేర్‌కి కొత్త డ్రైవర్ పడలేదు. కబురు అందకపోతే ఆ సాఫ్ట్‌వేర్ ఉత్తుత్తి అంకెలు చూపిస్తుంది. సైరన్ వాటినే నమ్ముతుంది.

"అంకెలు ఉత్తుత్తివని నాకు తెలీదు మేడం!" యోగేశ్ లేచి నిలబడ్డాడు.

మిషన్లన్నిటికీ పైన, నుదుటి చోట కుంకుమ బొట్లు. మానిటర్‌కి మాత్రం కింద మూల, అద్దం మీద, దట్టంగా. సుప్రజ కర్చీఫ్‌తో తుడిచింది. ఎర్రక్షరాలు బయటపడ్డాయి: డెమో డేటా.

"ఈ బొట్టు ఎవరు పెట్టారు?"

వెంకటాద్రి అల్లుడి వైపు చూశాడు.

"పాడైందంటే నలుగురిలో తిడతారని దాచా మామయ్యా... పండగెళ్లాక సరిచేద్దామనుకున్నా..."

"సిగ్గులేని ఎదవా!"

సుప్రజ కొత్త డ్రైవర్ తీసేసింది. మూలన పడేసిన పాత కంప్యూటర్ నుంచి పాత డ్రైవర్‌ని పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఎక్కించింది. రీస్టార్ట్.

గదిలో మిగిలిన గ్యాసుకే సైరన్ గొల్లుమంది.

యోగేశ్‌కి బేడీలు పడ్డాయి. షఫీక్ వరండాలోకి పరిగెత్తి, శవం భుజాలు పట్టి కుదిపాడు.

"ఒరేయ్ రత్నం! మోగుతోందిరా! లెగరా, బయటికి పోదాం!"