మేనత్త చాప మీద టీవీ

పెళ్ళి రేపనగా, శుక్రవారం సాయంత్రం, చర్చి పక్కన వేసిన పందిట్లో ఫుసి మోకాళ్ళ మీద పాకుతూ వైర్లు పరుస్తోంది. పెళ్ళిళ్ళని లైవ్‌లో చూపించడం ఆమె బతుకుతెరువు. టోంగాలో ఆ పల్లెలో ఏ ఇల్లు చూసినా సగం మంది ఆక్లండ్‌లోనో సిడ్నీలోనో ఉంటారు. పెళ్ళికి రాలేకపోయినా తిట్టడానికి మాత్రం అందరూ వేళకి హాజరవుతారు. మాట వినపడట్లేదంటారు, పెళ్ళికూతుర్ని వదిలేసి పందుల్ని చూపిస్తున్నావేంటంటారు. ఆరేళ్ళ నుంచి ఆ తిట్లు తిని తిని ఫుసికి తోలు మందమైంది.

ఈ పెళ్ళి మాత్రం సొంతింటిది. పెళ్ళికూతురు లోసలీన్ ఆమె పిన్ని కూతురు. తల్లి చిన్నప్పుడే పోతే లోసలీన్‌ని పెంచింది మేనత్త అకనేసి, తండ్రి మాలకైకి అక్క. అక్కడి పెళ్ళిలో మేనత్తని మించిన మనిషి లేదు. పందిట్లో అందరికంటే ఎత్తున పేర్చిన చాపల మీద కూర్చునేది ఆమే, వచ్చిన కానుకల్లో మేలైనవి ఆమెవే. ఆమె మనసు కష్టపెడితే తమ్ముడి కూతురి కడుపు నిలవదని ముసలమ్మలు ఇప్పటికీ గొంతు తగ్గించి చెప్పుకుంటారు. ఆ అకనేసి ఇప్పుడు కిడ్నీలు చెడి ఆక్లండ్‌లో ఆసుపత్రి మంచం మీద ఉంది. వేరే ఎవర్నైనా ఆ చాపల మీద కూర్చోబెడదామంటే ససేమిరా అంది. అప్పుడు ఫుసికే ఆలోచన వచ్చింది. చాపల మీద పెద్ద టీవీ పెట్టి, వీడియో కాల్‌లో ఆమెనే కూర్చోబెడితే సరి.

ఆ ఆలోచన రాకపోయి ఉంటే ఎంత బాగుండేదో అని తర్వాత ఎన్నిసార్లు ఏడ్చిందో లెక్కలేదు.

"ఏమే ఫుసీ, ఈ వెలుగేంటే నా మొహం మీద? ఉన్న ముడతలు చాలవా?"

టీవీలో అకనేసి, తెల్లజుట్టు ముడి వేసుకుని, దిండుకి చేరగిలబడి కూర్చుంది. లోసలీన్ పకపకా నవ్వింది.

"ఎంత అందంగా ఉన్నావో అత్తా! నా పెళ్ళికొడుకు కిటియోనే నిన్ను చూసి మనసు మార్చుకుంటాడేమో."

"మార్చుకోనీ, ఇక్కణ్ణించే తంతాను వాణ్ణి." అకనేసి వేలు చూపించింది. "ఇదిగో, ఒక్క మాట. నా చాప మీద ఇంకెవరూ కూర్చోకూడదు. మధ్యలో నేను పోయాననుకో, ముందు నా కోసం ఏడవండి. ఆ తర్వాతే మీ పందిపిల్లలూ, మీ డాన్సులూ."

"ఛీ, ఏం మాటలు అత్తా అవి!"

"ఉన్న మాటేగా. నేను పోతే సంతాపంగా ముందు తెగాల్సింది తమ్ముడి కూతురి జుట్టు. నడుం దాటిన నీ జుట్టు చూస్తుంటే నాకే జాలేస్తోందే."

పందిట్లో వాళ్ళంతా నవ్వారు. మాలకై మాత్రం లోపలికి రాలేదు. అక్క ముందు నిలబడి తమ్ముడు పరాచికాలాడే అలవాటు అక్కడ లేదు. పందిరి గుంజ పక్కన బయటే నిలబడి అంతా విన్నాడు.

బొమ్మా మాటా సరిచూసుకోవడానికి ఫుసి ఒక నిమిషం రికార్డు చేసుకుంది. అందులో అకనేసి తల ఊపుతుంది. చెవి వెనక్కి వెంట్రుకలు తోసుకుంటుంది. నిండు గ్లాసెత్తి గుక్కెడు నీళ్ళు తాగుతుంది. తలుపు వైపు చూస్తుంది. అంతే.

శనివారం పొద్దున పదకొండింటికి ఫుసి ఫోను మోగింది. ఆక్లండ్‌లో అకనేసిని చూసుకుంటున్న పిసిలా అనే అమ్మాయి. ఏడుస్తోంది. చెప్పాల్సింది ఒక్కటే మాట, అది చెప్పడానికి అయిదు నిమిషాలు పట్టింది.

ఫుసి వెళ్ళి మాలకైని వంటశాల వెనక్కి పిలిచి చెప్పింది. ఆయన అరటిచెట్టుకి ఆనుకున్నాడు. తర్వాత రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు.

"ఎవరికీ చెప్పకు ఫుసీ. పిసిలాకి కూడా చెప్పు, సాయంత్రం దాకా నోరు విప్పొద్దని."

"బాబాయ్, నిన్ననే కదా అత్త..."

"విన్నాను! నాకు చెవులు లేవనుకున్నావా?" ఆయన వంటశాల వైపు చూసి గొంతు తగ్గించాడు. "చావు తెలిస్తే పెళ్ళి ఆగిపోతుంది. మంగళవారం ఆ కుర్రాడు ఆస్ట్రేలియాలో పళ్ళతోటల పనికి పోతున్నాడు. తొమ్మిది నెలల దాకా రాడు. పిల్లకి నాలుగో నెల. పెళ్ళి కాకుండా బిడ్డని కంటే ఈ చర్చిలో దాన్ని తలెత్తుకోనిస్తారా? నువ్వే చెప్పు."

లోసలీన్ కడుపుతో ఉందని తెలిసింది నలుగురికే. మేనత్తకి పెళ్ళయ్యాక చెప్దామనుకున్నారు.

"టీవీ ఖాళీగా ఉంటే అందరూ అడుగుతారు బాబాయ్."

"నిన్న నువ్వు రికార్డు చేసింది ఉందిగా."

"అది ఒక్క నిమిషం బొమ్మే!"

"తిప్పి తిప్పి వెయ్యి. భోజనాలయ్యేదాకా చాలు. ఆ తర్వాత నేనే అందరికీ చెప్పి, అక్క కాళ్ళ మీద పడతాను."

కాదనాల్సింది. ఆ సంగతి ఫుసికి అప్పుడే తెలుసు. కానీ చెల్లెలి మొహం గుర్తొచ్చి తల ఊపింది.

చర్చిలో పెళ్ళి బాగానే జరిగింది. రెండింటికి పందిట్లో భోజనాలు మొదలయ్యాయి. ఎండ మండిపోతోంది. కాల్చిన పందిపిల్లల వాసన, చేమాకుల్లో చుట్టి ఉడికించిన మాంసం వాసన, పెళ్ళికూతురి జుట్టుకి పట్టించిన మొసోకొయి పూల కొబ్బరినూనె వాసన. చాపల మీద టీవీ, టీవీలో అకనేసి. జనం ఒక్కొక్కరే వచ్చి టీవీ ముందు తల వంచి కానుకలు పెడుతున్నారు. అకనేసి తల ఊపుతోంది. వెంట్రుకలు తోసుకుంటోంది. నీళ్ళు తాగుతోంది. తలుపు వైపు చూస్తోంది. మళ్ళీ తల ఊపుతోంది. మాలకై మాత్రం ఒక్కసారి కూడా అటు తిరగలేదు.

టీవీకి రెండు మూరల దూరంలో కూర్చున్న లోసలీన్ ఫుసిని సైగ చేసి పిలిచింది.

"అక్కా, అత్త మాట వినిపించట్లేదేంటి?"

"నెట్టు సరిగ్గా లేదే," అంది ఫుసి. "నీ మాట ఆవిడకి వినిపిస్తుందిలే."

"అయితే ఇప్పుడే చెప్పేస్తాను."

ఫుసి ఆపేలోపే లోసలీన్ టీవీ వైపు వంగింది. కడుపు మీద చెయ్యి పెట్టుకుంది. "అత్తా, కోప్పడకేం... నువ్వు అమ్మమ్మవి కాబోతున్నావు."

తెరమీద అకనేసి తల ఊపింది.

"చూశావా అక్కా! విందే! కోప్పడలేదే!" లోసలీన్ కళ్ళనిండా నీళ్ళు. ఫుసి తల తిప్పేసుకుంది. అది నిన్నటి తల ఊపుడు. నిన్న లైటు ఎలా ఉందని అడిగితే ఊపిన తల.

ఆమె తన ల్యాప్‌టాప్ దగ్గరికి వచ్చి కూర్చుంది. ఇంకో గంట. ఒక్క గంట గడిస్తే చాలు. వద్దనుకుంటూనే టీవీ వైపు చూసింది.

గ్లాసులో నీళ్ళు సగానికి తగ్గాయి.

రికార్డు మొదట్లో గ్లాసు నిండుగా ఉంటుంది. ఒక్క గుక్క తాగుతుంది. తిప్పి వేసిన ప్రతిసారీ మళ్ళీ నిండు గ్లాసే రావాలి. ఎండకి కళ్ళు తిరుగుతున్నాయేమో అనుకుని ఫుసి మొహం తుడుచుకుంది. తల ఊపుడు... వెంట్రుకలు... గ్లాసు.

ఇప్పుడు అడుగున నీళ్ళు.

మళ్ళీ తిరిగింది. గ్లాసు ఖాళీ. అకనేసి ఖాళీ గ్లాసు పక్కన పెట్టేసింది. ఈసారి తలుపు వైపు చూడలేదు. పెళ్ళికూతురి వైపు చూసింది.

ఫుసి వెళ్ళి మాలకై భుజం పట్టుకుంది. "బాబాయ్, చెప్పేద్దాం. ఇప్పుడే."

"ఏమైంది నీకు? కేకు కోయనీ. ఆ ఒక్కటీ అయిపోనీ."

"ఆవిడ చూస్తోంది బాబాయ్..."

"ఊరుకో!" ఆయన పెదాలు తెల్లబడ్డాయి. "నేను చూడను. నువ్వూ చూడకు."

తిరిగి వచ్చేసరికి ల్యాప్‌టాప్‌లో దూరాన ఉన్న చుట్టాల మాటలు ఒకదాని కింద ఒకటి పడుతున్నాయి. సిడ్నీ నుంచి ఎవరో, 'ఉట్టి మంచం చూపిస్తున్నారేంటి టీవీలో?' అని రాశారు. దాని కింద ఆక్లండ్ నుంచి, 'అకనేసి ఎప్పుడొచ్చింది అక్కడికి? బాగానే నడుస్తోందే!' ఇంకొకరు, 'పెద్దావిణ్ణి అలా నిలబెట్టారేంటర్రా? సిగ్గులేదా? కూర్చోబెట్టండి.'

ఫుసి తలెత్తింది.

టీవీలో మంచం ఉంది. దిండు మీద తల ఆనిన గుంట ఉంది. మనిషి లేదు. ఖాళీ మంచాన్ని ఆమె ఎప్పుడూ రికార్డు చెయ్యలేదు.

పందిట్లోకి ఆసుపత్రి వాసన వచ్చింది. కాల్చిన మాంసం వాసననీ పూలనూనె వాసననీ తోసుకుంటూ, మందులు కలిపిన ఆ చల్లటి వాసన. బ్యాండు వాయిస్తూనే ఉంది, పిల్లలు గంతులేస్తూనే ఉన్నారు. ఎవరికీ ఏమీ తెలియట్లేదు.

లైవ్‌లో బొమ్మ అరనిమిషం ఆలస్యంగా వెళ్తుంది. ఇక్కడ జరిగింది అక్కడి వాళ్ళకి ముప్ఫై సెకన్ల తర్వాత కనిపిస్తుంది. వాళ్ళు ఏం చూస్తున్నారో చూద్దామని ఫుసి ఫోను తీసి లైవ్ తెరిచింది.

పెళ్ళికూతురి వెనక అకనేసి నిలబడి ఉంది. ఆసుపత్రి గౌను. విప్పేసిన తెల్లజుట్టు. ఒక చేత్తో లోసలీన్ జుట్టంతా పోగుచేసి పట్టుకుంటోంది... మెల్లగా, పొద్దున్నే బడికి జడ వేసేటప్పటిలాగా. రెండో చేతిలో కేకు కోసే కత్తి.

ఫుసి తలెత్తి చూసింది. లోసలీన్ వెనక ఎవరూ లేరు. లోసలీన్ తనని చూసి నవ్వుతోంది. కేకు పక్కన పెట్టిన కత్తి మాత్రం లేదు.

అరనిమిషం... తను ఫోన్లో చూసింది అరనిమిషం కిందటిది...

అంటే అయిపోయింది.

"చెల్లీ! లే! అక్కణ్ణించి లే!"

ఆ అరుపుకి లోసలీన్ ఉలిక్కిపడి ఇటు తిరిగింది. తల తిరిగింది. జుట్టు తిరగలేదు. నడుం దాటిన ఆ నల్లటి జుట్టు మెడ దగ్గర తెగి, నూనెతో మెరుస్తూ చాప మీదే కుప్పగా ఉండిపోయింది.

బ్యాండు ఆగింది. లోసలీన్ మెడ తడుముకుంది. చేతికి ఏమీ దొరక్క వెనక్కి చూసి, అప్పుడు కేక పెట్టింది. మాలకై నేల మీద కూలబడి, నుదురు మట్టికేసి కొట్టుకుంటూ, "అక్కా, నాదే తప్పు! పొద్దుననే పోయావని తెలిసి దాచాను! దానికేం తెలీదు! దాన్ని వదిలెయ్యి!" అని ఏడ్చాడు. ఆ ఏడుపులోనే ఊరందరికీ చావు కబురు తెలిసింది.

ఫుసి పరిగెత్తి టీవీ వైరు పీకేసింది. తెర నల్లబడింది. పీకకముందు చివరిసారి చూసినప్పుడు అకనేసి మంచం మీద మామూలుగానే కూర్చుని తల ఊపుతోంది. చేతిలో నిండు గ్లాసుంది.

పొద్దు వాలేసరికి పందిట్లో తెల్లబట్ట అన్నది కనిపించలేదు. తిన్నవాళ్ళూ తిననివాళ్ళూ ఇళ్ళకెళ్ళి నల్లబట్టలు కట్టుకొచ్చారు. లోసలీన్‌కి చిరిగిన పాత చాప నడుముకి చుట్టి, సంతాపపు ఆచారం ప్రకారం వంటశాల పక్కన కూర్చోబెట్టారు. కిటియోనే పక్కన కూర్చుని ఆమె చెయ్యి వదల్లేదు. కత్తి కోసం చాపలన్నీ ఎత్తి వెతికారు, దొరకలేదు. కింద పడిన జుట్టు పోగుచేసిన ముసలమ్మ, "ఇదేంటే, ఇంతేనా? ఇంత ఒత్తైన జుట్టుకి ఇది సగం కూడా లేదే," అని గొణుక్కుంది.

"అక్కా," అంది లోసలీన్, ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతుతో. "అత్త పొద్దుననే పోయిందిగా. మరి నేను టీవీ ముందు చెప్పింది... వినలేదుగా?"

"వినలేదే," అంది ఫుసి. ఆ రోజు ఆమె ఆడిన రెండో అబద్ధం అది.

అప్పుడే ఫోను మోగింది. పిసిలా. ఫుసి లేచి అరటిచెట్ల దాకా నడిచింది.

"పెద్దావిడకి ఒళ్ళు కడిగి బట్టలు మారుద్దామనుకున్నామే," పిసిలా గుసగుసగా మాట్లాడుతోంది, గదిలో ఇంకెవరో ఉన్నట్టు. "పొద్దుట్నుంచీ నేను పక్కనే ఉన్నాను. ఎవరూ ముట్టుకోలేదు. రెండు గుప్పెళ్ళూ బిగిసిపోయి ఉన్నాయి. బలవంతాన విప్పాం... కుడిచేతిలో జుట్టుందే. ఇంత పొడుగు. నల్లగా ఉంది. మొసోకొయి నూనె వాసన. ఎవరిదే అది?"

ఫుసి వెనక్కి తిరిగి వంటశాల వైపు చూసింది.

"ఎడమ చేతిలో కూడా ఉంది ఫుసీ." పిసిలా ఊపిరి తీసుకుంది. "కొంచెమే. సన్నగా, మెత్తగా... పసిగుడ్డు తలమీది నూగులాగా. ఇంకా తడిగా ఉంది. ఆ పెళ్ళింట్లో పసిపిల్లలెవరైనా ఉన్నారా?"

వంటశాల దగ్గర్నుంచి లోసలీన్ పిలిచింది. కడుపు మీద రెండు చేతులూ ఆనించుకుని ఉంది.

"అక్కా, ఒకసారి రావే. ఇక్కడేంటో... చల్లగా అయిపోయింది."