కొండవ్వ కుదురు

కూర్చోవడం చేతకాని రాజ్యం ఒకటి ఉండేది. పిల్లలూ, మీలో కొందరికి అది స్వర్గంలా వినబడుతుందని నాకు తెలుసు. కాస్త ఓపిక పట్టండి, అంతా విన్నాక చెబుదురుగాని.

ఆ రాజ్యం పేరు సింగారపురం. రాజు పేరు స్థిరవర్మ. ఒకనాటి మధ్యాహ్నం ఆ స్థిరవర్మే నిండుకొలువులో సింహాసనం మీంచి దిగ్గున లేచాడు. మళ్ళీ కూర్చోబోతే కాళ్ళు ఒప్పుకోలేదు. మంత్రులు లేచారు, భటులు కదిలారు. ఊళ్ళో మగ్గం ముందున్నవాళ్ళూ, పొయ్యి ముందున్నవాళ్ళూ, పాఠం చెప్పే పంతులుగారూ లేచి నడవడం మొదలుపెట్టారు. అన్నం నడుస్తూ తిన్నారు. కునుకు కూడా గోడ పట్టుకుని నడుస్తూనే తీశారు. మొదటిరోజు ఒకరినొకరు చూసి నవ్వుకున్నారు. మూడోరోజుకి నవ్వే ఓపిక ఎవరికీ లేదు.

రాజు అడవిలోని ముని దగ్గరికి మనుషుల్ని పంపాడు. ఆయన కూడా చెట్టు చుట్టూ తిరుగుతూనే సమాధానం చెప్పాడు. "ఏడుమలుపుల కొండ మీద కుదురు పోయింది. అది తిరిగి పెట్టేదాకా మీ బతుకులు ఇంతే."

ఆ మాట ఊరంతా దండోరా వేయించారు. పని నెరవేర్చినవాళ్ళకు కోరింది ఇస్తామన్నారు. కుదురంటే మనసు నిలకడేనని అందరూ అనుకున్నారు. సేనాపతి వెళ్ళి కొండ కింద అటూ ఇటూ పరిగెత్తుతూ తపస్సు చేసి, ఆయాసంతో తిరిగొచ్చాడు.

దండోరా విని గుండె జారిపోయిన పిల్ల ఒకతి ఉంది. ఆమె పేరు నాగమల్లి, పన్నెండేళ్ళది. బండిచక్రాలు చేసే వీరాచారి పెద్దకూతురు. "ఒకచోట కుదురుగా కూర్చోవే" అని తల్లి కనకవల్లి రోజుకి పదిసార్లు అరిచేది ఈ పిల్లనే. ఇప్పుడు ఆ తల్లికి అరిచే తీరిక లేదు. మూడు నెలల చంటిపాప బుజ్జమ్మను భుజాన వేసుకుని పెరడంతా తిరుగుతోంది. కూర్చోనివాళ్ళకి ఒడి ఎక్కడిది? ఒడి లేక, నడక కుదుపుకి పాప నోట పాలు నిలవడం లేదు. ఏడ్చి ఏడ్చి గొంతు సన్నబడిపోయింది. చెల్లెలి ఏడుపు విన్నప్పుడల్లా నాగమల్లి రెండు చెవులూ మూసుకునేది.

ఇక దాచుకోలేక తండ్రి వెనకాలే నడుస్తూ చెప్పేసింది. "నాన్నా, కుండ కింద పెట్టే గడ్డిచుట్టని కూడా కుదురే అంటాం కదా?"

"అంటాం. అయితే?"

"మొన్న మొక్కు తీర్చుకోడానికి ఏడుమలుపుల కొండకెళ్ళామే, అక్కడ దారి మలుపులో బండరాయి మీద పెద్ద గడ్డిచుట్ట ఎండకి ఆరేసి ఉంది. మన బండిచక్రమంత ఉంది నాన్నా. దొర్లుతుందో లేదో చూద్దామని..."

"దొర్లించావా?"

"లోయలో పడిపోయింది."

వీరాచారికి కోపం వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. గుండ్రంగా ఏది కనబడినా దొర్లించి చూడమని ఆ పిల్లకి నేర్పింది ఎవరు? తానే. "పద, బండి కడదాం. అందరం పోదాం" అన్నాడు. ఎందుకైనా మంచిదని కొత్తగా చేసిన చక్రం ఒకటి బండిలో వేసుకున్నాడు. ఎద్దులకి మేతగా వరిగడ్డి నింపాడు.

బండి కదిలాక ఒక వింత జరిగింది. నడిచే బండిలో కూర్చుంటే కాళ్ళు ఏమీ అనడంలేదు! ఒకచోట ఉండకూడదు, అంతే. కనకవల్లి గడ్డి మీద చతికిలబడి పాపని ఒళ్ళో వేసుకుంది. మూడు రోజుల తర్వాత బుజ్జమ్మ గుటకలు వేస్తూ పాలు తాగింది. "బండి ఆపకండి" అని కనకవల్లి ఏడుస్తూ చెప్పింది. వీరాచారి ఆపలేదు.

కాని అడవి మొదట్లో వాగు అడ్డం వచ్చింది. దానికీ అదే జబ్బు. ఒకచోట పారకుండా, ఆడపిల్లలు తిప్పే తాడులా ఈ చెట్ల నుంచి ఆ చెట్లదాకా ఊగుతోంది. బండి ఆగీ ఆగగానే కనకవల్లి కాళ్ళు లేచి నిలబడ్డాయి, పాప కేరుమంది.

"నాన్నా, ఇది తాడాటే! నేను అంకెలు పెడతా, నువ్వు తోలు" అంది నాగమల్లి. వాగు అటు ఊగింది, ఇటు వచ్చింది. "ఒకటి... రెండు... ఇప్పుడు!" ఎద్దులు ఉరికాయి. వాగు వెనక్కి వచ్చి వెనకచక్రాన్ని తడిపింది గాని అప్పటికే బండి గట్టెక్కింది.

కొండ మొదట్లో పెద్దపులి ఎదురైంది. అది వాళ్ళని చూసి గాండ్రించింది, చుట్టూ తిరిగింది, మళ్ళీ గాండ్రించింది.

"మమ్మల్ని తినేస్తావా?" అంది నాగమల్లి, తల్లికి అడ్డంగా అటూ ఇటూ తిరుగుతూ.

"ఎలా తినను? పొంచి కూర్చుంటే కదా దూకేది! మూడు రోజులనించి పస్తు. జింకలు నా మొహమ్మీదే నవ్వుతున్నాయి" అని పులి వాపోయింది.

"లోయలో పెద్ద గడ్డిచుట్ట ఏమైనా చూశావా?"

"అదా? ఏనుగులు తినేశాయి. ఒక్క పరక మిగల్లేదు."

ఇక అంతా అయిపోయిందనుకుంది నాగమల్లి. వీరాచారి మాత్రం కొత్త చక్రం దించాడు. "గుండ్రంగా ఉండేది ఏదైనా నేను చెయ్యగలను. రండి" అన్నాడు. బండి ఎక్కలేని దారి అది. చక్రం దొర్లించుకుంటూ, పాపని కొంగుతో కట్టుకుని, ఏడు మలుపులూ రొప్పుతూ ఎక్కారు. నా కష్టం కూడా తీరుస్తారేమో అన్నట్టు పులి వెంటే వచ్చింది.

శిఖరం మీద తాటిచెట్టంత ముసలమ్మ, కొండవ్వ, ఇల్లంత నీళ్ళకుండని రెండు చేతులా పట్టుకుని వణుకుతోంది. కుండ అడుగు గుండ్రన. అటు ఒరుగుతోంది, ఇటు ఒరుగుతోంది.

"ఎవరే నా కుదురు ఎత్తుకుపోయింది?" అని అరిచింది. "ఏడాదికోసారి కుండ ఒళ్ళో పెట్టుకుని కుదురు ఆరేసుకుంటాను. కాస్త కన్నంటుకుంది, అంతే! ఈ నీళ్ళు ఊగినన్నాళ్ళూ కింద మీ కాళ్ళు ఊగుతాయి. నా చేతులు జారాయంటే మీ రాజ్యం మునుగుతుంది."

"నేనే అవ్వా" అంది నాగమల్లి. కాళ్ళు పరిగెత్తమంటున్నాయి, అయినా ఎదురుగానే అటూ ఇటూ నడిచింది. "చక్రమనుకున్నాను. తప్పయింది."

వీరాచారి గబగబా చక్రాన్ని కుండ కిందికి తోశాడు. నున్నటి కర్ర మీద కుండ జర్రున జారింది, చక్రం పక్కకి దొర్లిపోయింది. ఒలికిన చెంబెడు నీళ్ళు కొండవాలున హోరుమని దూకాయి. కింద ఎక్కడో పశువులు అరిచాయి.

"చక్రం గుణం తిరగడం. కుదురు గుణం ఉండడం. తేడా తెలీదటయ్యా!" అని కొండవ్వ ఉరిమింది. "నా వేళ్ళు తిమ్మిరెక్కిపోయాయి. ఇంకెంతోసేపు పట్టలేను."

"గడ్డి!" అని నాగమల్లి కేకేసింది. "పులీ, మా బండిలో గడ్డి ఉంది, తెచ్చిపెట్టవా?" పులి నాలుగు గెంతుల్లో వెళ్ళి మోపులు వీపున వేసుకొచ్చింది.

గడ్డి ఉంది గాని, తాడు పేనాలంటే ఒకచోట కూర్చోవాలి. కనకవల్లి రెండుసార్లు మొదలుపెట్టింది. రెండుసార్లూ కాళ్ళు ఈడ్చుకుపోయాయి. బుజ్జమ్మ ఏడుపు ఇప్పుడు వినీ వినబడనట్టుంది.

అప్పుడు నాగమల్లి తల్లి అడుగులు చూసింది. తల్లి కుండ చుట్టూనే తిరుగుతోంది. తండ్రీ అంతే. "అమ్మా, ఆగద్దు! తిరుగుతూనే పేను. నేను గడ్డి అందిస్తా. నాన్నా, నువ్వు మెలిపెట్టు. తాడు నేల మీద పడనీ!"

ముగ్గురూ కుండ చుట్టూ తిరిగారు. తిరిగేకొద్దీ గడ్డితాడు వెనకాలే పడి, కుండ అడుగున చుట్ట మీద చుట్టగా పేరుకుంది. నిలవని కాళ్ళే దాన్ని గుండ్రంగా చుట్టాయి. ఆఖరి పరక దోపాక కొండవ్వ కుండని ఎత్తి మెల్లగా దించింది. కుండ ఒక్కసారి ఊగింది. కుదురుకుంది.

ఎక్కడివాళ్ళక్కడ దబ్బున కూలబడ్డారు. కొండవ్వ మూడు రోజులుగా గోక్కోలేకపోయిన ముక్కుని హాయిగా గోక్కుంది. పులి బోర్లా పడుకుని గుర్రుపెట్టింది. కనకవల్లి బండరాయి మీద బాసింపట్టు వేసుకుని పాపని ఒళ్ళోకి తీసుకుంది. బుజ్జమ్మ కడుపునిండా తాగి నిద్రపోయింది. నాగమల్లి చెల్లెలి పాదం పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

వాళ్ళు రాజు కొలువుకి చేరేసరికి స్థిరవర్మ సింహాసనానికి అతుక్కుపోయి కూర్చున్నాడు. "ఏం కావాలో కోరుకో తల్లీ" అన్నాడు.

"ముందు ఒకటి చెప్పాలి ప్రభూ. కుదురు పోగొట్టింది కూడా నేనే."

సభంతా గుసగుసలాడింది. రాజు సింహాసనం చేతులు గట్టిగా పట్టుకున్నాడు. "నిన్ను దండించాలంటే నేను లేవాలి" అన్నాడు. "లేవను. కోరిక చెప్పు."

"ఏటా ఒక బండెడు వరిగడ్డి ఇప్పించండి. అవ్వ కుదురు ఆరేసుకునే పూట మా ఇంటిల్లిపాదీ కొండకెళ్ళి కాపలా ఉంటాం."

రాజు సరేనన్నాడు. ఆ ఏడాది నుంచి ఆ కుటుంబం ఏటా బండి కట్టుకుని వాగు దాటి, పులిని పలకరించి, కొండెక్కి వచ్చేది. మిగతా రోజుల్లో నాగమల్లి గడప మీద కూర్చుని, ఊళ్ళో కుండలన్నిటికీ కుదుళ్ళు చుట్టేది. పొద్దు వాలినా లేచేది కాదు.

కనకవల్లి చూసి చూసి ఒకరోజు ఉండబట్టలేకపోయింది. "ఎంతసేపలా కుదురుగా కూర్చుంటావే? లే, లేచి కాస్త ఆడుకో!"