వెనక్కి తన్నని పిస్టల్

మంగళవారం ఉదయం పదకొండింటికి, గడ్డం సగం గీయించుకున్నాక, ఏజెంట్ పిచ్చుక హత్యకు గురయ్యాడు.

పాపం, మంగలి కుర్చీలోంచే పిస్టల్ తీశాడు. పెద్ద పిస్టల్. చూస్తేనే ముద్దొచ్చే పిస్టల్. పేల్చగానే అది వెనక్కి తన్నిన తన్నుకి గొట్టం ఆకాశం చూసింది. తూటా వెళ్లి గోడమీది మేరీమాత పటానికి తగిలింది. రెండోది పేల్చే వ్యవధి హంతకుడు ఇవ్వలేదు. రిపోర్టులో ‘ఆయుధం శ్రేష్ఠమైనది’ అని రాశారు.

మధ్యాహ్నం రెండింటికి కర్నల్ తెబాల్ది, ఇటలీలో బ్రెషా ఊరి పైనున్న తుపాకుల లోయలో, ఎర్సిలియా జుబాని వంటింట్లో కాఫీ తాగుతున్నాడు. ఆవిడకి అరవై మూడేళ్లు. ఇంట్లో అద్దెకుండే లాడ్జర్లకి వండిపెడుతుందని ఊరికి తెలుసు. ముప్ఫై ఏళ్లుగా సీక్రెట్ ఏజెంటని కర్నల్‌కి తెలుసు. కోడ్ నేమ్ నొన్నా, అంటే అమ్మమ్మ.

“పిచ్చుకని చంపినవాళ్ల అసలు టార్గెట్ మీ నేలమాళిగలో ఉన్నవాడే.”

“ఇంజనీరు అట్టీలియో గారా?”

“ఆయనే. మన డిపార్ట్‌మెంట్లో సరిహద్దు అవతలి ముఠాకి అమ్ముడుపోయిన ద్రోహి ఎవరో ఆయనకి తెలుసు. రేపు సాయంత్రం ఐదింటికి జడ్జిగారిని తీసుకొస్తాను. అప్పటిదాకా ఆయన ప్రాణం మీ చేతిలో.”

“ఆ పేరేదో ఇప్పుడే చెప్పొచ్చుగా?”

“జడ్జి ముందు తప్ప నోరు విప్పడట. నేనంటే కూడా అనుమానమట.”

“తెలివైనవాడే.”

కర్నల్ చెంచాతో కాఫీ ఇంకాసేపు కలిపాడు. అందులో చక్కెర లేదు.

“కాపలాకి పిచ్చుకని అనుకున్నాం. ఇప్పుడు లొరెదానాని పంపుతున్నాను. రేపు నాలుగింటికి వస్తుంది. కోడ్ మాట పాతదే.”

లొరెదానా డిపార్ట్‌మెంట్లో షూటింగ్ నేర్పే మేడమ్. రోమ్ నగరపు మనిషి. ఆమె క్లాసులో కుర్రాళ్ల గురి తప్పేది పిస్టల్ వల్ల కాదని అందరికీ తెలుసు. పోయినేడు పరీక్షలో ఎర్సిలియా, గొట్టంలోకి తూటా ఎక్కించే పిస్టల్ పై స్లైడు వెనక్కి లాగలేకపోయింది. “మూత నేను తీసిపెట్టనా, నొన్నా?” అంది లొరెదానా, పన్నెండుమంది కుర్రాళ్ల ముందు. పన్నెండుమందీ నవ్వారు. పిచ్చుక అందరికన్నా గట్టిగా నవ్వాడు.

కర్నల్ వెళ్లగానే ఎర్సిలియా శాలువా కప్పుకుని మరిది ఫౌస్తీనో కొట్టుకి వెళ్లింది. ఆ లోయలో ప్రతి రెండో ఇంట్లో తుపాకులు చేసేవాళ్లే. ఫౌస్తీనో చేస్తూ మాట్లాడేవాడు.

“ఏం వదినా? అన్నయ్య పోయి ఏడేళ్లయింది. ఇప్పుడెవర్ని చంపాలి?”

“నువ్వు నోరు మూసుకోకపోతే మొదట నిన్నే. చిన్న పిస్టల్ చూపించు. చేతికి నొప్పి తెలియకూడదు.”

మొదటిది బల్లమీద పెట్టాడు. నల్లగా, నిగనిగలాడుతూ ఉంది. ఎర్సిలియా స్లైడు పట్టుకుని లాగింది. అల్లం కొమ్ముల్లా కణుపులు తేలిన వేళ్లు ఆవిడవి. వేళ్లు జారాయి గానీ స్లైడు కదల్లేదు.

“పెళ్లిలో నా తలమీద నీళ్లు కుమ్మరించిన చేతులేనా ఇవి?”

“ఇంకోటి తియ్యి.”

రెండోది అరచేతిలో ఇమిడేంత. ఫౌస్తీనో తనే స్లైడు లాగి ఇచ్చాడు. ఆవిడ ఇసుకపెట్టెలోకి పేల్చింది. మోచేయి దాకా జివ్వుమంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

“చిన్నదైతే మెత్తగా ఉంటుందనుకున్నావా వదినా? ఒంట్లో బరువు లేదు, లోపల మందు ఎక్కువ. పొట్టి మొగుడి కోపంలాంటిది, అంతా చేతిమీదే చూపిస్తుంది.”

“మీ అన్నయ్య పొట్టే.”

ఫౌస్తీనో లోపలికెళ్లి మూడోది తెచ్చాడు. అందంచందం లేనిది, కుట్టుమిషన్‌లోంచి ఊడిన ముక్కలా ఉంది. పక్కనున్న చిన్న మీట నొక్కాడు. గొట్టం వెనక భాగం పెట్టె మూతలా టక్కున పైకి లేచింది. చిన్న తూటా ఒకటి చేత్తో అందులో పెట్టి, కిందికి అదిమాడు.

“అయిపోయింది. స్లైడు లాగే పనే లేదు. వెనకున్న ఈ చిన్న సుత్తిని, హేమర్‌ని, బొటనవేలితో వెనక్కి ఎక్కించు, పేల్చు.”

హేమర్ ఎక్కించేసరికి వేలు మండింది. పేల్చడం మాత్రం అక్రోట్ కాయ చిట్లినట్టయింది. చెయ్యి ఉన్నచోటే ఉంది.

“దీనికి మనిషి చస్తాడా?”

“దగ్గర్నుంచి చస్తాడు. ముద్దుపెట్టుకునేంత దగ్గర్నుంచి.”

“ఈ వయసులో అంత దగ్గరికి ఎవరొస్తారు?”

“ఒక్కమాట విను. దీనికి తూటాని బయటికి లాగే కొక్కెం లేదు. తూటాల మేగజైన్ తీసేసి, స్లైడు వందసార్లు లాగినా గొట్టంలో ఉన్న తూటా అక్కడే ఉంటుంది. గొట్టం లేపి చూడాల్సిందే. ఇక్కడ పిల్లలక్కూడా తెలుసు. పోయినేడు మిలాన్ నుంచి వచ్చిన డాక్టరుగారు ఖాళీ అనుకుని తుడుస్తూ కూర్చున్నాడు.”

“పోయాడా?”

“లేదు. చెప్పు సైజు తగ్గింది.”

బుధవారం మధ్యాహ్నం ఎర్సిలియా పొయ్యిమీద గొలుసుకి వేలాడే రాగి కుండలో పొలెంటా కలుపుతోంది. మొక్కజొన్న సంకటి అది, బుడగలు పేలుతూ ఉడుకుతోంది. ఎప్రన్ జేబులో పిస్టల్, గొట్టంలో ఒక తూటా. కింద నేలమాళిగలో ఇంజనీరు లోపలినుంచి గడియ పెట్టుకున్నాడు. ఎర్సిలియా గొంతు వింటే తప్ప తియ్యనన్నాడు.

మూడున్నరకి తలుపు తట్టారు. ఈస్టర్ వారం కదా, ఇళ్లు దీవించడానికి ఫాదర్ వచ్చాడు. మనిషి కొత్త. తీర్థం చల్లాడు, ప్రార్థన తప్పుల్లేకుండా చెప్పాడు.

“కింద గది కూడా దీవించాలమ్మా.”

“అలాగే ఫాదర్. ముందు మీ గుడ్లు తీసుకోండి.” పన్నెండు గుడ్ల బుట్ట చాపింది.

“ఎందుకమ్మా, మోయలేను.”

ఎర్సిలియా అతని మొహంలోకి చూసింది. ఈస్టర్ దీవెనకి వచ్చి గుడ్లు వద్దన్న ఫాదర్ ఆ లోయలో ఇంతవరకూ పుట్టలేదు. పది ఇస్తే పన్నెండు అడుగుతారు. ఎనిమిదిస్తే ఆదివారం ప్రసంగంలో పిసినారితనం గురించి చెప్తారు.

“పోనీ ఈ పొయ్యిని దీవించండి. ఇలా దగ్గరికి రండి.”

వచ్చి వంగాడు. అంగీలోకి చెయ్యి పోనిచ్చాడు. ఎర్సిలియా చేతులు పైకెత్తే శ్రమ పెట్టుకోలేదు. భుజంతో కుండని ఊపింది. గొలుసుతో సహా అది వచ్చి అతని మొహాన బోర్లాపడింది. నీళ్లయితే జారిపోయేవి, పొలెంటా అంటుకుంటుంది. అతను రెండు చేతులతో దాన్ని గీక్కున్నాడు. దాంతోపాటు చర్మమూ వచ్చింది. సైలెన్సర్ బిగించిన పిస్టల్ నేలమీద పడితే ఆవిడ కాలితో అల్మరా కిందికి తన్నింది. తర్వాత కుండకి సొట్ట పడిందేమో చూసుకుంది.

నాలుగింటికి మళ్లీ తలుపు చప్పుడు.

“ఉప్పు సరిపోయిందా?”

“ఉప్పు చివర్న చూస్తాం,” అని కోడ్ జవాబు చెప్పి ఎర్సిలియా తలుపు తీసింది.

లొరెదానా. ఒంటెరంగు కోటు, ముత్యాల దండ, తెల్ల గ్లౌజులు. గదంతా సెంటు వాసన. నేలమీద మూలుగుతున్నవాణ్ని చూసి కనుబొమ్మ ఎత్తింది.

“బాగానే ఉడికించావు నొన్నా. నీ పిస్టల్ ఇలా ఇవ్వు, చెక్ చెయ్యాలి. రూలు.”

ఎర్సిలియా ఇచ్చింది.

“ఇదా? లిప్‌స్టిక్ అనుకున్నాను.”

మేగజైన్ లాగేసింది. స్లైడు లాగింది, మళ్లీ లాగింది. ఏమీ బయటపడలేదు. ఆ తర్వాత గొట్టం వెనక వేలు పెట్టి చూడాలని మూడువందలమందికి నేర్పిన మనిషే ఆమె. కానీ గ్లౌజులు తెల్లవి, పిస్టల్ నిండా నూనె.

“ఖాళీ! స్లైడు లాగలేవుగా. ఉత్త పిస్టల్ జేబులో వేసుకుని యుద్ధానికొచ్చావా, ముసలమ్మా?”

“మేడమ్, అందులో ఇంకా...”

“నేను మాట్లాడుతుంటే మధ్యలో రావద్దని క్లాసులో చెప్పలేదూ?”

నేలమీదినుంచి మూలుగు వినిపించింది. “లొరెదానా... డాక్టర్ని పిలువు...”

లొరెదానా కోటులోంచి తన పిస్టల్ తీసి, అతని తలలో పేల్చింది. సైలెన్సర్ దగ్గినట్టు చప్పుడు చేసింది.

“పేరు పెట్టి పిలవొద్దని ఎన్నిసార్లు చెప్పాను వీడికి.”

ఎర్సిలియా చెప్పబోయిన మాట మింగేసింది.

“ఇప్పుడు నీ లాడ్జర్ని పైకి పిలువు.”

“గొంతు బాగాలేదు మేడమ్.”

లొరెదానా నవ్వింది. తన పిస్టల్‌ని ఆవిడకి అందనంత దూరంలో బల్లమీద పెట్టింది. రెండు చేతులూ కావాలి మరి. ఎర్సిలియాని కుర్చీలో తోసి, మీదికి వంగి, ఆ చిన్న పిస్టల్‌ని ఆవిడ కుడిచేతిలో పెట్టింది. వాచిన వేళ్లని దానిచుట్టూ చుట్టి, పైనుంచి తన గుప్పిళ్లు బిగించింది.

“పోయినేడు ఫెయిలయ్యావుగా. గ్రిప్ ఇలా పట్టుకోవాలి. ఇంకా గట్టిగా. పిలుస్తావా?”

చిటికెన వేలు పుల్లలా విరిగింది. ఎర్సిలియా అరిచింది.

“అరుపు కాదు, పేరు పెట్టి పిలువు. పిలిస్తే తలలో కాలుస్తాను. లేకపోతే కడుపులో. కడుపైతే గంట పడుతుంది.”

పక్క వేలు విరిగింది. పిస్టల్ మూతి ముత్యాల దండకి ఆనుకుంది. స్లైడు రెండుసార్లు లాగడంతో హేమర్ వెనక్కి ఎక్కి కూర్చుంది. ఎర్సిలియా బొటనవేలికి ఆ నొప్పి కూడా లేకుండా మేడమ్‌గారే ఆ పని చేసిపెట్టింది. ఇక ఆ వేళ్లు చెయ్యగలిగిన పని ఒకటే మిగిలింది. ముడుచుకోవడం. కీళ్లనొప్పి పట్టిన పదేళ్లనుంచీ అవి చేస్తున్న పనే అది.

అక్రోట్ కాయ చిట్లింది.

లొరెదానా మొహంలో నొప్పికన్నా అవమానం ఎక్కువ కనిపించింది. ముత్యాలు ఒక్కొక్కటే నేలమీద దొర్లాయి. గోడకి ఆనుకుని జారి కూర్చుంది.

“ఖాళీ కదా...”

“ఇక్కడ గొట్టం లేపి చూస్తారు మేడమ్. అదే చెప్పబోయాను, మధ్యలో రావద్దన్నారు.”

ప్రాణం పోవడానికి పదకొండు నిమిషాలు పట్టింది. తూటా చిన్నది మరి. ఎర్సిలియా విరిగిన వేళ్లు ఒళ్లో పెట్టుకుని, గడియారం చూస్తూ కూర్చుంది.

“నీళ్లు...” అంది లొరెదానా.

“ఫాదర్ తెచ్చిన తీర్థముంది. చల్లమంటారా?”

సరిగ్గా ఐదింటికి కర్నల్ జడ్జిగారితో వచ్చాడు. గుమ్మంలోనే ఆగాడు. జడ్జిగారు టోపీ తీశారు, ఎవరి గౌరవార్థమో ఆయనకే తెలియలేదు.

ఎర్సిలియా కిందికి కేకేసింది. గడియ తీసిన చప్పుడైంది. ఇంజనీరు అట్టీలియో తల నున్నగా దువ్వుకుని, టై కట్టుకుని, కాగితం పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. జడ్జి ఎదుట నిలబడి గొంతు సవరించుకున్నాడు.

“నా ప్రాణాలకి తెగించి ఈ పేరు వెల్లడిస్తున్నాను. డిపార్ట్‌మెంట్ ద్రోహి మరెవరో కాదు, లొరెదానా!”

అప్పుడు తన బూటు దేన్ని తొక్కుతోందో కిందికి చూసుకున్నాడు. తెల్ల గ్లౌజు తొడుక్కున్న చెయ్యి.

ఎర్సిలియా ఎడమచేత్తో కుండ ఎత్తుకుంటూ అంది:

“ఈ ముక్క నిన్న కాఫీ దగ్గరే చెప్పుంటే, ఇంజనీరుగారూ, ఈపాటికి మనం భోజనాలు చేస్తుండేవాళ్లం.”