ఇరవై ఎనిమిదో గీత

వాన ముసురు పట్టిన ఓ మధ్యాహ్నం తన గదిలో అడుగుపెట్టిన లెక్కల లెక్చరర్‌కు గుండె ఆగినంత పనైంది. గాలికి తలుపు కొట్టుకోకుండా ఎవరో దానికి అడ్డంగా ఓ బరువు పెట్టారు. ఆ బరువు మరేదో కాదు, అద్దాల బీరువాలో ఉండాల్సిన ప్లాస్టర్ నమూనా. వంగి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకున్నాడు.

“ఎవరండీ దీన్ని ఇక్కడ పెట్టింది?”

“నేనే. ఏం, రాయి కాదా అది?”

కిటికీ పక్కన కొత్తగా వేసిన బల్ల దగ్గర నుంచి ఓ అమ్మాయి తల తిప్పి చూసింది. ఇంగ్లిష్ డిపార్ట్‌మెంట్‌కు గదులు చాలక, కొత్తగా చేరిన లెక్చరర్‌ను ఆ పూటే లెక్కలవాళ్ల గదిలోకి తోశారు.

“రాయా! ఇది ఉపరితలమండీ. మూడో ఘాతం సమీకరణానికి ఆకారం ఇస్తే ఇలా ఉంటుంది.”

“అలాగా? తలుపుకి మాత్రం బాగా ఆనిందండీ.”

అతనికి ఒళ్లు మండింది. నమూనాను తిప్పి చూస్తే ఇంకా మండింది. దాని మీద ఇంకుతో గీసిన గీతలు తడికి సగం చెరిగిపోయాయి.

“ఇదెన్ని వంపులు తిరిగినా, దీని మీద సరిగ్గా ఇరవై ఏడు సరళరేఖలు ఉంటాయి. ఒకటి తగ్గదు, ఒకటి పెరగదు. అన్నీ పాడుచేశారు!”

ఆమె ముఖం చిన్నబోయింది. “చెరిపింది నేనే కదా. దిద్దడానికీ నేనే సాయం పడతాను.”

అలా మొదలైంది. రోజూ క్లాసులయ్యాక ఇద్దరూ ఆ బల్ల దగ్గర చేరేవారు. దారం ఒక కొస ఆమె పట్టుకునేది, రెండో కొస అతను. బిగించి పట్టిన దారం ఎక్కడా లేవకుండా పొడవునా ప్లాస్టర్‌కు అంటుకుంటే, గీత సరైన చోట ఉన్నట్టు. అప్పుడు అతను ఇంకుతో గీసేవాడు. కలం పక్కకు జారిన గీతలు కొన్ని లేకపోలేదు. ఆ వేళల్లో ఆమె జడ అతని మోచేతికి తగిలి ఉంటుంది.

ఆమె అతనికి ‘గీతల మాస్టారు’ అని పేరు పెట్టింది. మాటల పుట్ట ఆమె. గీత గీతకూ మధ్య ఇంగ్లిష్ కథానిక చరిత్ర మొత్తం చెప్పేసింది.

“మొదట్లో చలిమంట చుట్టూ చేరి చెప్పుకునే దెయ్యాల కథలు, చివర్లో నీతి ఉన్న కథలు. తర్వాత పత్రికలొచ్చాయి. రైల్లో కూర్చున్నవాడు దిగేలోపు కథ అయిపోవాలి, చివర్లో ఓ కుదుపు ఉండాలి. కొన్నాళ్లకి ఆ కుదుపులూ మొహం మొత్తాయి. ముగింపు చెప్పడమే మానేశారు కొందరు. ఓ చిన్న గుర్తు వదిలేసి వెళ్లిపోతారు, చదివేవాడే వెతుక్కోవాలి.”

“అంటే రుజువు ఎగ్గొట్టారన్నమాట.”

“మీతో వేగలేనండీ బాబూ!”

గీతలన్నీ పూర్తయ్యాయి. ఆమె మీద ఇష్టం మాత్రం అతని గొంతు దాటి రాలేదు. సమయం చూసి చెబుదామనుకున్నాడు. ఆ సమయం రాకముందే ఆమెకు వేరే ఊరి కాలేజీలో పెద్ద ఉద్యోగం వచ్చింది.

వెళ్లే రోజు సాయంత్రం బీరువా ముందు నిలబడి అడిగింది. “మాస్టారూ, ఒక్కసారి ఆ గీతలు లెక్కపెట్టరూ? సరిగ్గా ఉన్నాయో లేదో.”

“లెక్కపెట్టడం దేనికండీ? ఇరవై ఏడే. ఎప్పుడో రుజువైపోయిన సంగతి.”

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆమె ఏదో అనబోయి నవ్వేసింది. గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.

ఏడేళ్లు గడిచాయి. కిటికీ పక్క బల్ల దగ్గర అతను ఎవరినీ కూర్చోనివ్వలేదు. ఇంట్లో అక్క పెళ్లి మాట ఎత్తితే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాడు.

ఇంతలో పాత భవనం ఖాళీ చేయాల్సి వచ్చింది. కొత్తచోట పెట్టే ముందు గీతలకు మళ్లీ ఇంకు వేద్దామని అతను నమూనాను ఇంటికి తెచ్చాడు. ఈసారి దారం రెండో కొస అక్క పట్టుకుంది. ఒక్కొక్కటే దిద్దుకుంటూ ఇరవై ఏడూ పూర్తిచేశాడు. తీరా చూస్తే, ఇంకా ఒక గీత మిగిలింది.

దాని మీద దారం పెట్టి చూశాడు. మధ్యలో పైకి లేచింది. అతను దిద్దకముందు నల్ల ఇంకు గీతలన్నీ గోధుమరంగుకు తిరిగి ఉన్నాయి, అప్పట్లో వాటిలో కలిసిపోయిన ఇదొక్కటే ఆకుపచ్చగా బయటపడింది. ఆమె పరీక్ష పేపర్లు దిద్దే ఇంకు అది.

వెళ్లే రోజు ఆమె లెక్కపెట్టమన్నది ఎందుకో అర్థమై అతను కుర్చీలో కూలబడ్డాడు. అక్కకు సంగతంతా చెప్పేశాడు.

“ఏడేళ్లా! చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేరా. ఆవిడకి పెళ్లైపోయుంటే?”

“అయితే క్షమాపణ చెప్పొచ్చేస్తానక్కా.”

“మరింకా కూర్చున్నావేం? లే!”

నమూనాను ఒళ్లో పెట్టుకుని ఆమె ఊరికి బస్సెక్కాడు. దిగేసరికి వాన. ఆమె కాలేజీలో, వరండా చివరి గదిలో, ఆమె ఆకుపచ్చ ఇంకుతో పేపర్లు దిద్దుతోంది. చెంపల దగ్గర ఒకటి రెండు తెల్లవెంట్రుకలు. తలెత్తి, అలాగే ఉండిపోయింది.

“ఇరవై ఎనిమిది ఉన్నాయండీ,” అన్నాడతను గుమ్మంలోనే నిలబడి.

“లెక్కపెట్టడానికి ఏడేళ్లు పట్టిందా మాస్టారూ?”

“రుజువైనదాన్ని మళ్లీ ఎవరు లెక్కపెడతారండీ?”

“ఆ సాయంత్రం మీరు లెక్కపెడితే, ఉద్యోగం వద్దనుకుని ఉండిపోయేదాన్ని.” నవ్వుతూనే అంది కానీ కళ్లు నిండాయి.

అతను నమూనాను ఆమె వైపు తిప్పాడు. “దారం పెట్టి చూశాను. ఆ గీత వంకరగా ఉంది.”

“ఉండదూ మరి? ఒక్కదాన్నే గీశాను. రెండో కొస పట్టుకునేవాళ్లు లేరుగా.”

“మీ ఇంట్లో... అంటే, మీకు...”

“ఇంట్లో అమ్మ ఉంది. నా పెళ్లి గురించి పోరి పోరి, విసుగొచ్చి ఇప్పుడు టీవీ సీరియళ్లు చూసుకుంటోంది.”

“అయితే రెండో కొస నేను పట్టుకుంటాను. వదలను. మీరంటే నాకు అప్పట్నుంచీ ఇష్టమండీ. చెప్పడమే చేతకాలేదు.”

ఆమె జవాబు చెప్పేలోపే గాలి విసిరింది. తలుపు వచ్చి అతని భుజానికి తగిలింది. ఆమె లేచి, అతని చేతుల్లోంచి నమూనాను అందుకుంది. వంగి, దాన్ని తలుపుకు అడ్డంగా నేల మీద పెట్టి, అతని ముఖంలోకి చూసింది.

“లోపలికి రండి మాస్టారూ.”

అతను నేల మీదకు చూశాడు. కొత్త ఇంకు ఇంకా పూర్తిగా ఆరలేదు, వాన జల్లు గుమ్మం దాకా కొడుతోంది.

“బాగా ఆనిందండీ,” అంటూ లోపలికి అడుగుపెట్టాడు.