తిరిగిరాని వాళ్ళ కౌంటరు

దంతవైద్యుడి కుర్చీలో వెనక్కి వాలి, నోరు బార్లా తెరుచుకుని చచ్చిపోయాడు ఇన్‌ఫార్మరు.

నోటినిండా దూది ఉండలు. మత్తుసూది దిగాల్సిన చోట వేరే సూది దిగింది. తెల్లకోటు డాక్టరు వెనక తలుపులోంచి ఎప్పుడో జారుకున్నాడు. అసలు డాక్టరు స్టోర్‌రూమ్‌లో కట్టేసి ఉన్నాడు. కాపలాకి పంపిన ఇద్దరు ఏజెంట్లు, విదేశాల్లో ట్రైనింగు అయినవాళ్ళు, బూట్లలో కత్తులూ చొక్కా గుండీల్లో కెమెరాలూ ఉన్నవాళ్ళు, బయట సోఫాలో కూర్చుని పాత సినిమా పత్రికలు తిరగేస్తున్నారు. లోపల్నుంచి కేక వినిపిస్తే పన్ను పీకుతున్నారనుకున్నారట. రిపోర్టులో అలాగే రాశారు, సిగ్గు లేకుండా.

పోయేముందు ఆ మనిషి ఒక్క పని చేశాడు. మెడకి కట్టిన కాగితం తువాలు మీద నెత్తుటి వేలితో నాలుగు ముక్కలు గీశాడు. ‘విదేశీ టీచరు. గురువారం ఫ్లైటు.’ పేరు రాసేలోపు వేలు ఆగిపోయింది.

మర్నాడు పొద్దున్న పదిన్నరకి డిపార్ట్‌మెంటులో అర్జంటు మీటింగు.

బల్ల వెనక డైరెక్టరు. ఎదురుగా ఇస్త్రీ మడత నలగని ఆఫీసర్లు, వాళ్ళ లాప్‌టాపులు. గోడ వారగా, ఒక చక్రం ఊడిన కుర్చీలో గుమాస్తా.

అతనికి పేరు లేక కాదు. ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాణ్ణి పేరుపెట్టి పిలవడం ఈ చదువుకున్నవాళ్ళకి నామోషీ. పదకొండేళ్ళుగా అతనిది ఒకటే మారువేషం. విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసులో మూడో నంబరు కిటికీ వెనక కూర్చుని వీసా కాగితాలు చూడటం, ఎవరు ఏ పనిమీద వచ్చారో కనిపెట్టడం. మారువేషం ఎంత బాగా కుదిరిందంటే, అతను ఏజెంటన్న సంగతి సొంత డిపార్ట్‌మెంటే మర్చిపోయింది.

“రేపు గురువారం. సాయంత్రం నాలుగూ పదికి ఫ్లైటు,” అన్నాడు డైరెక్టరు. “ఆ ఇంటర్నేషనల్ స్కూలుకి సెలవులు. విదేశీ టీచర్లు ఆరుగురూ అందులోనే వెళ్తున్నారు. వాళ్ళలో ఒకళ్ళ దగ్గర మైక్రోఫిల్ముంది. అవతలి దేశంలో మనకి పనిచేస్తున్న పదకొండు మంది పేర్లు, అడ్రసులు. ఆ ఫ్లైటు దిగిన గంటలో పదకొండు మందీ ఫినిష్.”

ఆ లిస్టులో ఏడో పేరు గుమాస్తా తమ్ముడిది. తొమ్మిదేళ్ళుగా అక్కడి రక్షణశాఖ భవనంలో లిఫ్టు మెకానిక్కు. ఇద్దరూ మాట్లాడుకుని నాలుగేళ్ళయింది. వాణ్ణి ఈ ఉద్యోగంలోకి లాగింది తనే.

“ఆ లిస్టు మన బీరువాలో కదా సార్ ఉండాలి?”

ఎవరో దగ్గారు. డైరెక్టరు టై సర్దుకున్నాడు. “అది వేరే ఎంక్వయిరీ.”

వేరే ఎంక్వయిరీ అంటే ఏమిటో గదిలో అందరికీ తెలుసు. పోయిన నెల డైరెక్టరుగారు నెమలికి ఆఫీసంతా తిప్పి చూపించాడు. నెమలి అన్నది కోడ్‌నేమ్. ఆ స్కూల్లోనే డ్రాయింగు టీచరు. అందగత్తె. డబుల్ ఏజెంటు. అవతలివాళ్ళకి పనిచేస్తున్నట్టు నటిస్తూ మనకి పనిచేస్తోందని డైరెక్టరు నమ్మకం. ఆవిడ గదిలోకొస్తే చాలు, ఆయన పొట్ట లోపలికి లాక్కుంటాడు. బీరువా తాళాలు మాత్రం ఎక్కడివక్కడ వదిలేస్తాడు.

“ఫిల్ము ఎవరి దగ్గరుందో కూడా నెమలే చెప్పింది,” అన్నాడు డైరెక్టరు. “ఫిజిక్సు మాస్టారు. ఆ గడ్డం చూడండి.”

అందరూ ఫోటోలో గడ్డం చూశారు. ఒకాయన నోట్ చేసుకున్నాడు కూడా.

“వెదికితే ఆయన దగ్గర ఏం దొరక్కపోతే సార్?” అన్నాడు గుమాస్తా.

“ఎక్స్‌రే కళ్ళద్దాలున్నాయి.”

“పోయినసారి వాటిలో చూసి బిషప్పుగారి చేతికర్రని తుపాకీ అన్నాం.”

“నోర్ముయ్! ఆరుగుర్నీ బట్టలిప్పి వెదకమంటావా? ఎంబసీలు మన తోలు తీస్తాయి. ఫిల్ము బియ్యపు గింజంత ఉంటుంది. చెప్పులో పెట్టారో, పంట్లో పెట్టారో! నీ దగ్గర ఐడియా ఉంటే చెప్పు.”

“ఎమిగ్రేషన్ కౌంటర్లో నాకో గంట కుర్చీ ఇప్పించండి.”

“ఇప్పిస్తే? స్టాంపులు కొడతావా?”

ఆఫీసర్లు పగలబడి నవ్వారు. గుమాస్తా వాళ్ళ నవ్వు పూర్తయ్యేదాకా ఆగాడు.

“లేదు సార్. కొట్టను.”

రూలు చిన్నదే. విదేశీ టీచరు సెలవులకి దేశం దాటే ముందే రీ-ఎంట్రీ వీసా తీసుకోవాలి. అది లేకుండా గీత దాటితే నివాస అనుమతి ఆ నిమిషాన్నే రద్దు. మళ్ళీ రావాలంటే అంతా మొదట్నుంచి. డిగ్రీల మీద కొత్త ముద్రలు, పోలీసు సర్టిఫికెట్టు, రక్తపరీక్ష, ఆర్నెల్ల ఎదురుచూపు. ఈలోపు ఉద్యోగంలో ఇంకోడు కూర్చుంటాడు. అద్దె ఇల్లు, అందులో ఫ్రిజ్జు, పిల్లల చదువు అన్నీ ఇక్కడ గాలికి పోతాయి.

ఆ భయం ఎలా ఉంటుందో గుమాస్తా పదకొండేళ్ళు కిటికీలోంచి చూశాడు. క్లాసులో పులులు, కిటికీ దగ్గర తడిసిన పిల్లులు. చిన్నప్పుడు తన చెవి మెలేసి గోడకుర్చీ వేయించిన జాతి ఇదే కదా అని అప్పుడప్పుడు ముచ్చటపడేవాడు కూడా. ‘స్టాంపు పడిందా?’ ‘ముద్ర సరిగ్గా కనబడుతోందా?’ ‘తారీఖు ఇంకోసారి చెప్పండి.’ ఒక్కొక్కళ్ళు ఏడెనిమిది సార్లు అడుగుతారు. మళ్ళీ మెట్ల దాకా వెళ్ళి వెనక్కొస్తారు. ఏ టీచరైనా ఫ్లైటైనా వదులుకుంటాడు గానీ రీ-ఎంట్రీ వదులుకోడు.

గూఢచారికి మాత్రం వదులుకోకూడనిది ఫ్లైటు.

గురువారం మూడింటికి గుమాస్తా ఎమిగ్రేషన్ యూనిఫారంలో కౌంటరెక్కాడు. చొక్కా ఎవరిదో, చంకల్లో బిగుతు. చెవిలో వినికిడి మిషను, అందులో డైరెక్టరు. ఆయన బయట పూల డెలివరీ వ్యానులో ఏసీ వేసుకుని కూర్చున్నాడు. ఆ వ్యాను మీద పూల బొమ్మలున్నాయి గానీ పైన మూడు యాంటెనాలున్నాయి. దాన్ని చూసి పార్కింగువాడు కూడా సెల్యూట్ కొట్టాడు.

మొదట డ్రిల్లు మాస్టారు. ఆరడుగుల మనిషి.

“మీ పాస్‌పోర్టులో స్టాంపుంది గానీ కంప్యూటర్లో రీ-ఎంట్రీ ఎక్కలేదు,” అన్నాడు గుమాస్తా. “వెళ్ళొచ్చు. తిరిగి రాలేరు.”

ఆరడుగుల మనిషి సూట్‌కేసు మీద చతికిలబడ్డాడు. “నా కుక్క! దాన్ని పక్కింట్లో వదిలొచ్చాను. వద్దు, నేనెక్కడికీ వెళ్ళను. నా పెట్టెలు దింపించండి.”

“ఆఁ, వచ్చింది, వచ్చింది. నెట్టు స్లో. మీరు వెళ్ళండి.”

తర్వాత ఫిజిక్సు మాస్టారు, ఆయన గడ్డం. మాట పూర్తికాకముందే ఫైలు తీశాడు. అర్జీ కాపీ, రసీదు, రసీదు కాపీ, ఆ కాపీ అందినట్టు సంతకం. “సెక్షన్ నాలుగు, ఉపనియమం రెండు! మీ పై ఆఫీసర్ని పిలవండి! ఈ స్టాంపు కోసం నేను మూడు రోజులు క్యూలో నిలబడ్డాను, తెలుసా మీకు?”

“చెమటలు పడుతున్నాయి చూడు,” చెవిలో డైరెక్టరు గొంతు. “వాడే! పట్టుకో!”

“చెమట పట్టినవాడు నిఖార్సయిన టీచరు సార్,” అని గొణిగి గుమాస్తా ఆయనకి స్టాంపు కొట్టాడు.

సంగీతం మాస్టారూ, సైన్సు టీచరూ మొగుడూపెళ్ళాలు. వాళ్ళకి చెప్పగానే గుమాస్తాని మర్చిపోయి ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు.

“వెళ్ళి ఇంకోసారి కనుక్కురమ్మన్నానా లేదా?”

“నువ్వే కదా నీ చీరెల సర్దుడికి నన్ను ఆపింది!”

“నా చీరెలా? నీ ఫిడేలుకి పెట్టె వెదకలేక చచ్చాను!”

వాళ్ళని లోపలికి పంపడానికి స్టాంపు కాదు, బతిమాలుడు అవసరమైంది.

ఐదో మనిషి లెక్కల టీచరమ్మ. అరవై దగ్గర పడింది. గుమాస్తా చెప్పింది విని ఆవిడ చేతిలోని టికెట్టు ఒకసారి చూసుకుంది. తర్వాత సంచి తెరిచి నివాస కార్డు తీసి తనే బల్లమీద పెట్టింది.

“రీ-ఎంట్రీ లేకుండా వెళ్ళేవాళ్ళు కార్డు ఇచ్చెయ్యాలి కదా. తీసుకో బాబూ. మా అమ్మ ఆస్పత్రిలో ఉంది. రేపటిదాకా ఉంటుందో లేదో. పంతొమ్మిదేళ్ళు చెప్పాను ఇక్కడ... సరే, కానియ్యి.” ఆవిడ కళ్ళు తుడుచుకుని ఇంటి తాళం కూడా కార్డు పక్కన పెట్టింది. “ఇది స్కూలుకి పంపించే వీలుంటుందా?”

గుమాస్తాకి తలెత్తి చూడబుద్ధి కాలేదు. కార్డూ తాళమూ ఆవిడ చేతిలో పెట్టి, “నాదే పొరపాటు అమ్మా. ఉంది మీ రీ-ఎంట్రీ. మీరు ఎప్పుడైనా రావచ్చు. పదండి, పదండి,” అన్నాడు.

టైము మూడూ యాభై. ఆఖరి మనిషి.

ముందు సెంటు వాసన వచ్చింది. తర్వాత తెల్ల గ్లవ్స్. తర్వాత నెమలి.

“ఈవిడ మన మనిషి,” అన్నాడు చెవిలో డైరెక్టరు. “పది రోజుల పనిమీద మనమే పంపిస్తున్నాం. స్టాంపు కొట్టి పంపెయ్.”

గుమాస్తా పాస్‌పోర్టు తిప్పాడు. “మేడమ్, రీ-ఎంట్రీ కంప్యూటర్లో ఎక్కలేదు. వెళ్ళొచ్చు. తిరిగి రాలేరు.”

నెమలి నవ్వింది. మూడో నంబరు కిటికీ వెనక కూర్చున్నవాణ్ణి ఏనాడూ మనిషిగా లెక్కపెట్టని నవ్వు. “ఓహ్, పర్లేదు. తర్వాత చూసుకుంటాను. టైమవుతోంది, కొట్టు.”

పర్లేదట! పదకొండేళ్ళలో ఏ టీచరు నోటా ఆ మాట వినలేదు.

“అయితే ఇక్కడ సంతకం పెట్టండి. తిరిగిరానని.”

చూడకుండానే పెట్టేసింది.

“కార్డు ఇవ్వండి.”

“ఏ కార్డు?”

“నివాస కార్డు. తిరిగిరాని వాళ్ళది ఇక్కడే తీసుకుని రద్దు చేస్తాం. మీ స్టాఫ్‌రూమ్‌లో అందరికీ తెలిసిన రూలే ఇది.”

నవ్వు ఆగిపోయింది. కార్డు ఆవిడ చేతిలోనే ఉంది. ప్రతి కౌంటరు దగ్గరా చూపిస్తారు, ప్రతివాడూ చూసి తిరిగిచ్చేస్తాడు. ఎవరూ ఉంచేసుకోని వస్తువు అదొక్కటే. గుమాస్తా కార్డు కొస పట్టుకుని లాగాడు. ఆవిడ వేళ్ళు వదల్లేదు.

“లేదు లేదు, నేను వెళ్ళడం మానుకుంటాను. నా కార్డు నాకిచ్చెయ్.”

“సంతకం పెట్టేశారు కదా మేడమ్.” ఒక్క గుంజు గుంజాడు. కార్డు ఇటు వచ్చింది.

“డైరెక్టర్!” అని అరిచింది నెమలి, చుట్టూ జనం ఉన్నారని కూడా చూడకుండా.

పూల వ్యానులోంచి డైరెక్టరు పరుగెత్తుకొచ్చాడు. మెడలో హెడ్‌ఫోన్సు వేలాడుతున్నాయి. వెనక నలుగురు ఆఫీసర్లు. ఇంత రహస్యంగా ఏ ఆపరేషనూ జరిగి ఉండదు. మైకులో ఆఖరి పిలుపు వినిపిస్తోంది.

“బుద్ధుందా నీకు? కార్డు ఇచ్చెయ్! మేడమ్‌కి సారీ చెప్పు!”

“సార్, రూలు ప్రకారం...”

“రూలు నాకు చెప్తావా, ఎనిమిదో తరగతి వెధవా! ఇది ఆర్డరు. ఇవ్వు!”

డైరెక్టరు చెయ్యి కార్డుకి రెండంగుళాల దూరంలోకి వచ్చింది. గుమాస్తాకి తమ్ముడు కనిపించాడు, లిఫ్టు గుంటలో నడుముకి తాడు కట్టుకుని, పైనుంచి ఎవరు తొంగిచూస్తున్నారో తెలియకుండా.

బల్లమీది పంచింగ్ మిషన్లో కార్డు దూర్చి, ఫోటో మధ్యలో, అరచేత్తో ఒక్క గుద్దు గుద్దాడు.

కటక్.

నెమలి నోట్లోంచి వచ్చిన కేక ఏ టీచరు కేకా కాదు. గ్లవ్ లాగేసింది. వేలి ఉంగరంలోంచి సూది పైకి లేచింది. కౌంటరు సందులోంచి చెయ్యి గుమాస్తా మెడ మీదికి దూసుకొచ్చింది. అందిందేదో అడ్డం పెట్టాడు. అది స్టాంపు ప్యాడ్. సూది అందులో ఉంగరం దాకా దిగి ఇరుక్కుంది. మణికట్టు దాకా ఊదారంగు సిరాతో, చెయ్యి వెనక్కి లాక్కోలేక నెమలి అలాగే వేలాడింది.

ఆఫీసర్లు నలుగురూ తుపాకులు తీశారు. ఒకడిది మేగజైన్ ఊడి కిందపడింది.

ల్యాబ్‌లో కార్డు పొరలు విప్పితే, ఫోటో వెనక సగం చిల్లుపడిన ఫిల్ము దొరికింది. పదకొండు పేర్లలో ఆరు మిగిలాయి. ఏడు దగ్గర్నుంచి చిల్లు. ఆ ఫిల్ముకి కాపీ లేదని నెమలి మర్నాడు ఒప్పుకుంది. నెలాఖరుకి అవతలి దేశం నుంచి మామూలు దారిలో మామూలు రిపోర్టు వచ్చింది. రక్షణశాఖ భవనంలో మూడో లిఫ్టు బాగుచేశారట. గుమాస్తా ఆ ఒక్క వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చదువుకున్నాడు.

ఆపరేషన్ విజయానికి కారణం ఎక్స్‌రే కళ్ళద్దాలని డైరెక్టరు పైకి రాశాడు. పతకం ఆయనకే వచ్చింది. గుమాస్తాకి మెమో వచ్చింది. ‘ఆరుగురు విదేశీ టీచర్లకు, తిరిగి రాలేరంటూ తప్పుడు సమాచారం ఇచ్చినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోరాదు? మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వండి.’

మూడో నంబరు కిటికీ వెనక కూర్చుని అతను ఆ మెమో అడుగునే జవాబు రాశాడు.

‘అయ్యా, తప్పు చెప్పింది ఐదుగురికే. ఆరో ఆవిడకి చెప్పింది అక్షరాలా నిజం.’