పెద్దమ్మ ఇచ్చిన కప్ప

పొద్దున్నే రచన అరుగు మీద చింతపండు, ఉప్పు ముందేసుకుని కూర్చుంది. నోట్లో నాణెం కరుచుకున్న మూడు కాళ్ల కప్ప, ఇత్తడి తాబేలు, గాలిగంటలు ఒక్కొక్కటిగా తోమింది. చెవి కొస విరిగిన నవ్వే బుద్ధుణ్ణి మాత్రం ఉప్పునీళ్లతో కడిగింది. ఆ బుద్ధుడికి చింతపండు పడదని పెద్దమ్మే చెప్పింది.

అవన్నీ పెద్దమ్మ కోటేశ్వరి ఇచ్చినవే. ఏటా ఉగాది ముందు ఆవిడ విజయవాడ వెళ్లి ఫెంగ్ షుయ్ కొట్లో కొత్త బొమ్మలు తెచ్చుకునేది. పాతవి పేపర్లో చుట్టి ఎదురింట్లో ఉన్న తోడికోడలికి, అంటే రచన అమ్మ భూలక్ష్మికి ఇచ్చేది. ఇంటికి రక్ష, ఉంచుకోండి అనేది. నాన్న పోయాక తమను మర్చిపోనిది పెద్దమ్మ ఒక్కతేనని రచనకు నమ్మకం. రోజూ పడుకునే ముందు అమ్మను చూసుకోమని కప్పకు చెప్పేది.

పెద్దమ్మ కూతురు హారిక పురిటికి వచ్చి ఉంది. బీపీ బాగా పెరిగిందని, మంచం దిగొద్దని నిన్ననే గుంటూరులో డాక్టరు చెప్పింది. అప్పటినుంచి పెద్దమ్మ ముద్ద ముట్టలేదట.

"అమ్మా, ఇవి హారికక్కకి ఇచ్చేద్దామా? ఇన్నాళ్లూ మనల్ని కాపాడాయిగా" అంది రచన.

భూలక్ష్మికి బొమ్మల మీద నమ్మకం లేదు. కళ్లంలో మిరపకాయలు గ్రేడింగుకి ఉన్నాయి, కూలీలు వచ్చే వేళయింది. కానీ కూతురి మొహం చూసి కాదనలేకపోయింది. "పద, నేనూ వస్తా. హారికను చూసినట్టుంటుంది" అంది.

రచన బుట్టలో తెల్ల తువ్వాలు పరిచి బొమ్మలు సర్దింది. ఎదురింటి వరండాలో పెదనాన్న పిచ్చయ్య కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి దిష్టికి నిమ్మకాయ కోస్తోంది. బుట్టలో మెరుస్తున్నదేమిటో చూడగానే ఆవిడ చేతిలో కత్తి ఆగిపోయింది.

"అక్కడే ఆగు."

రచన నవ్వింది. "అక్క కోసం తెచ్చాను పెద్దమ్మా. శుభ్రంగా తోమాను."

"గడప దాటావంటే కాళ్లు విరగ్గొడతా. కడుపుతో ఉన్న పిల్ల లోపలుంది. అందులో ఎంత చెడు ఉందో నీకేం తెలుసు?"

పిచ్చయ్య తలెత్తి ఆ బొమ్మల్లో చెడేమిటని అడిగాడు. ఆవిడ భయంలో దాచుకోలేకపోయింది. ఏడాది తిరిగేసరికి బొమ్మ ఇంట్లో చెడంతా పీల్చేసుకుంటుందట. అప్పుడు దాన్ని పారే నీళ్లలో వదిలెయ్యాలని కొట్టువాడు చెప్పాడట. మొదటి ఏడాది ఉగాదికి సాగర్ కాలవలో చుక్క నీరు లేదు. ఇంట్లో ఉంచుకోవడానికి భయమేసి ఎదురింటికి ఇచ్చేసింది.

"మరి మాకు ఏమీ కాదా పెద్దమ్మా?" అంది రచన.

"మీ ఇంట్లో ఇంక పోయేదేముందే?"

కళ్లంలో కూలీల మాటలు వరండా దాకా వినపడుతున్నాయి. పిచ్చయ్య కుర్చీలోంచి లేచాడు.

"ఆ కప్పనిచ్చింది ఏ ఏడు?"

కోటేశ్వరి కత్తి కింద పెట్టేసింది. అది ఏ ఏడో అక్కడున్న అందరికీ గుర్తుంది. ఆ ఏడే మార్కెట్ యార్డుకి మిరపకాయలు వేసుకెళ్లి వస్తున్న అతని తమ్ముణ్ణి, రచన నాన్నని, గ్రానైటు లారీ గుద్దేసింది.

"ఇలా అవుతుందనుకోలేదండీ."

"అయ్యాక తెలిసిందిగా. మరి మరుసటేడు తాబేలునెందుకిచ్చావు?"

"చెడు ఎలాగూ ఆ ఇల్లు చూసుకుంది కదా, మన గడప తొక్కదనుకున్నా" అంది కోటేశ్వరి. ఆ మాట బయటికొచ్చాక తనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

లోపల్నుంచి హారిక, ఎవరొచ్చారమ్మా అని అడిగింది. కోటేశ్వరి గబుక్కున భూలక్ష్మి చేతులు పట్టుకుంది.

"నా బిడ్డకు చెడు కోరకు. నీ కాళ్లు పట్టుకుంటా."

భూలక్ష్మి ఆ చేతుల వంక చూసింది. ఆయన శవాన్ని తెచ్చిన రోజు తనను పట్టుకుని ఏడ్చిన చేతులూ అవే.

"ఇవన్నీ నిజమని నేను నమ్మితే, ఆయన్ని చంపింది నువ్వే అవుతావక్కా. అది నమ్మి రోజూ నీ గుమ్మం చూస్తూ బతకలేను. ఆయన్ని లారీ గుద్దింది. నేను అదే నమ్ముతా. నువ్వేం నమ్ముతావో నువ్వే చూసుకో."

చేతులు విడిపించుకుని లోపలికి వెళ్లి హారిక మంచం మీద కూర్చుంది. "ఏమ్మా, కాళ్ల వాపు తగ్గిందా?" అని అడగడం వినిపించింది. పిచ్చయ్య భార్య మొహం చూడకుండా కళ్లం వైపు నడిచాడు.

రచన బుట్ట పక్కన పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది. చేతులు లంగాకి తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది. చింతపండు వాసన పోలేదు. కోటేశ్వరి వచ్చి పక్కన కూలబడింది. ఆ కప్పను తనే తీసి ఎక్కడైనా పారేద్దామనుకుంది కాబోలు, చెయ్యి చాపింది. బుట్ట అంచు దాకా వచ్చిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"భయమైతే ముట్టుకోకు పెద్దమ్మా" అంది రచన. కోపంగా అనలేదు. "మాకు అలవాటేగా."

బుట్ట ఎత్తుకుని లేచింది. వెనక కోటేశ్వరి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. రచనకు వెనక్కి తిరిగి చూడాలనిపించింది. చూడలేదు.